నాయనకు మాట పడిపోయింది. ఆయన తల ఊపితే అవునో కాదో ఎట్లా తెలుసుకోవాలి?

ఎలపటెద్దు:

అందరికీ నమస్కారం. పోస్టు పెద్దదవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

మాది కర్నూలు జిల్లా, ఎమ్మిగనూరుకూ ఆదోనికీ మధ్యలో ఒక పల్లె. నేను ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా నాయనకు అరవై మూడేళ్లు. ఉగాది పోయిన నాలుగో రోజు తెల్లారి ఆరింటికి వేపపుల్ల నములుతూ వసారాలో కూలబడ్డాడు. మూతి ఒక పక్కకు పోయింది. మా పెద్దనాయన చూసి, షుగర్ తగ్గిందేమో అని చక్కెర నీళ్లు తాగించబోతే సగం బయటికే కారిపోయాయి. ఊళ్లో డాక్టరు వచ్చి బీపీ చూసి ఒక మాత్ర ఇచ్చిపోయాడు. కాసేపు పడుకుంటే సర్దుకుంటుందని అందరం అనుకున్నాం. కర్నూలు చేరేసరికి రెండు దాటింది. నెత్తురు గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల లోపే వెయ్యాలట. ఆ మాట నేను మొదటిసారి విన్నది ఆ రోజే. అప్పటికి ఎనిమిది గంటలు అయిపోయింది.

కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు కొంచెం మేలు, ఇప్పుడు కర్ర పట్టుకుని బాత్రూం దాకా పోగలడు. చెయ్యి మాత్రం రాలేదు. "ఎలపటెద్దు పండుకుంది, దాపటిదొక్కటే కాడి లాగుతోంది" అంటుంది అమ్మ. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, కాడికి కుడి పక్క కట్టేది ఎలపటెద్దు, ఎడమ పక్క కట్టేది దాపటెద్దు. ఇక్కడ నా పేరు అట్లా పెట్టుకున్నదే.

మాట పూర్తిగా పోయింది. పూర్తిగా అని ఎందుకులే, ఒక్కటి మిగిలింది: "అదేప్పా". ఆకలైనా అదేప్పా, నొప్పయినా అదేప్పా, మనవరాలు బడి నుంచి వస్తే నవ్వుతూ అదేప్పా. రాగం మాత్రం మారుతుంది. ఒకసారి అడిగినట్టు, ఒకసారి తిట్టినట్టు, ఒకసారి ఎగతాళి చేసినట్టు. వీధిలో నిలబడి వింటే లోపల ఎవరో మామూలుగా మాట్లాడుతున్నారనే అనుకుంటారు. డిశ్చార్జి చేసేటప్పుడు పదకొండు రకాల మాత్రలు ఏ పూట వెయ్యాలో చీటీ రాసిచ్చారు కానీ మాట గురించి చెప్పింది ఒకే ముక్క, "మెల్లగా వస్తుందిలే". ఏ ఆసుపత్రో చెప్పను, ఇప్పుడు చెప్పి లాభం లేదు.

నాయన ఎద్దుల బేరగాడు. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర సంత మొదలైందంటే ఇక ఇంటికొచ్చేవాడు కాదు. కోడె నోరు తెరిచి పళ్లు చూసి ఈడు చెప్పడం, సుడులు చూడటం, నాలుగడుగులు నడిపించి కాలు ఎక్కడ దాస్తోందో పట్టుకోవడం. ఎద్దు కన్నా ముందు ఎద్దును పట్టుకున్న మనిషిని చూడాలనేవాడు. అమ్మేవాడు ఎద్దు వెనకకు పోతే ముందు ఏదో లోపం ఉందని, ముందు నిలబడితే వెనక ఉందని. ఇది ఎంతవరకు నిజమో నాకు తెలియదు, ఆయన మాత్రం దానితోనే నలుగురు పిల్లల్ని సాకాడు.

పలక కొనిచ్చాను, ఎడమ చేత్తో రాస్తాడేమో అని. రోజూ పేపరు చదివే మనిషి కదా. నాలుగు వంకర గీతలు గీసి నా వైపు తిప్పాడు. నేను చదవలేకపోయాను. పలకను విసిరికొట్టాడు. చూడటానికి వచ్చే బంధువులది ఇంకో గోల. పావురం నెత్తురు రుద్దమన్నవాళ్లు ఇప్పటికి ముగ్గురు. మా చిన్నాయన ఒకాయన వచ్చినప్పుడల్లా నాయన చెవిలో నోరు పెట్టి అరుస్తాడు, చెవుడు వచ్చినట్టు.

ఇప్పుడు అసలు సంగతి. అప్పు పెరిగిపోయింది. ఇంట్లో ఒక జత ఎద్దులున్నాయి. నాయన లేకుండా సేద్యం చేసేవాళ్లు లేరు, మేత దండగ. "ఎద్దులు అమ్ముదామా నాయనా" అని అడిగాను. తల నిలువునా ఊపి "ఊఁ" అన్నాడు. అనుమానం వచ్చి సాయంత్రం మళ్లీ అడిగాను. ఊపాడు. మరుసటి రోజు అమ్మ ముందర అడిగాను. ఊపాడు. ఏరువాక పున్నమి పది రోజులుందనగా బేరం కుదిరింది, వాళ్లు వచ్చారు. పలుపు విప్పుతుంటే నాయన ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టడం మొదలుపెట్టాడు. అదేప్పా అదేప్పా అని ఒకటే కేక. కళ్ల నిండా నీళ్లు. చివరికి నన్ను చూసి, స్పష్టంగా, ఏ తడబాటూ లేకుండా, "నీ యబ్బ" అన్నాడు. రెండు నెలల్లో నాకు దక్కిన రెండో మాట అది.

అమ్మ అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. "ఆయన వద్దన్నాడు, నువ్వు నీకు కావాల్సిన జవాబు చూసుకున్నావు" అంటుంది. మొన్న "అన్నం తిన్నావా నాయనా" అంటే తల ఊపాడు. అమ్మ లోపలి నుంచి "ఇంకా పెట్టనే లేదు" అంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ఇట్లాంటి మనిషితో ఎట్లా మాట్లాడాలి? తల ఊపును నమ్మాలా వద్దా? ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

మాటతీరు_కోచ్:

బ్రదర్, ధైర్యంగా ఉండండి. నేను కడపలో కాలేజీ పిల్లలకు ఇంటర్వ్యూ స్కిల్స్ చెప్తాను. కమ్యూనికేషన్‌లో మాటల వాటా 7 శాతమే. 38 శాతం గొంతు, 55 శాతం బాడీ లాంగ్వేజ్. అంటే మీ నాన్నగారిలో 93 శాతం అలాగే ఉంది. కళ్లలోకి చూడండి, కళ్లు అబద్ధం చెప్పవు. అన్నీ ఆయన ముఖంలోనే దొరుకుతాయి.

డబుల్_విజిల్:

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువగా కర్నూలు డిపోలోనే. నాకు వైద్యం తెలియదు, ఒక చిన్న ఉపాయం చెప్తాను. బస్సులో డ్రైవరుకూ మాకూ మధ్య యాభై మంది జనం. మాట వినపడదు, ముఖం కనపడదు. ఒక విజిల్ అంటే ఆపు, రెండంటే పోనీ. ముప్పై ఏళ్లు ఆ రెండింటితోనే గడిచిపోయింది. మీ నాయన మంచం పక్కన ఒక గంట పెట్టండి. పిలవాలంటే కొడతాడు. గొంతు చించుకునే పని తప్పుతుంది. పూజ గంట వద్దు, మీ అమ్మ ఊరుకోదు. సైకిల్ బెల్లు మంచం పట్టెకు బిగించండి.

వాక్కు_అనంత:

తమ్ముడూ, నేను అనంతపురంలో స్పీచ్ థెరపిస్టును. మైసూరులో చదివాను. మీ నాన్నగారిని చూడకుండా ఇది అని చెప్పకూడదు కానీ మీరు రాసిన లక్షణాలను అఫేజియా అంటారు. మెదడులో భాషను నడిపే భాగం చాలామందికి ఎడమ వైపు ఉంటుంది. అదే ఎడమ వైపు కుడి చేతినీ కుడి కాలినీ నడుపుతుంది. అందుకే రెండూ ఒకేసారి పోతాయి.

మొదట అర్థం చేసుకోవాల్సింది, పోయింది గొంతు కాదు, నాలుక కాదు. తెలివి కూడా కాదు. చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, దానికి మాట తొడిగే చోట తెగిపోయింది. రాయడం కూడా భాషే కాబట్టి పలక పని చెయ్యలేదు. చాలా ఇళ్లలో మొదట పలకే కొంటారు, మీరొక్కరే కాదు. సైగల భాష నేర్పిద్దామా అని కూడా అడుగుతారు. చెవిటివాళ్లు చిన్నప్పటి నుంచి వాడే సైగల భాష కూడా ఎడమ మెదడులోనే ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే వాళ్లకు ఆ సైగలూ తడబడతాయి. కాబట్టి మాట పోతే చేతులు ఆ పని ఎత్తుకుంటాయన్న గ్యారంటీ లేదు.

అదేప్పా సంగతి. 1861లో పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే డాక్టరు ఒక రోగిని చూశాడు. ఆయనకు మిగిలింది "టాన్" ఒక్కటే. ఏమడిగినా టాన్ టాన్. ఆసుపత్రిలో ఆయన పేరే టాన్ అయిపోయింది. మరీ కోపం వస్తే మాత్రం ఒక తిట్టు బయటికి వచ్చేది. ఆ మనిషి చనిపోయాక మెదడు చూస్తే ఎడమ పక్క ముందు భాగంలో దెబ్బ కనిపించింది. భాష అక్కడ ఉంటుందని లోకం నమ్మడం మొదలైంది అక్కడి నుంచే. తిట్లు, దేవుడి పేర్లు, ఒకటి రెండు మూడు లెక్కపెట్టడం, నోటికొచ్చిన పాటలు, ఇవి మనం ఆలోచించి కూర్చే మాటలు కావు. తోసుకుని వచ్చేస్తాయి. అందుకే చాలామందిలో మిగులుతాయి. మిమ్మల్ని తిట్టగలిగాడు కాబట్టి కావాలనే మిగతావి మాట్లాడటం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. నాన్నగారికి భజన అలవాటు ఉంటే పక్కన కూర్చుని మెల్లగా ఎత్తుకుని చూడండి, అందుకోవచ్చు. రాగం మీద మాటను తిరిగి తెచ్చే పద్ధతి 1973 నుంచి ఉంది, అందరికీ పని చెయ్యదు.

తల ఊపు గురించి. అఫేజియాలో అవును, కాదు తారుమారు కావడం చాలా మామూలు. వద్దు అనుకుంటూనే తల నిలువునా ఊగిపోతుంది. పైగా మీ మాటలు ఆయనకు పూర్తిగా అర్థమవుతున్నాయని కూడా అనుకోకండి. "కాఫీ తాగుతావా" అంటూ చేతిలో గ్లాసు పట్టుకుని వెళ్తాం. ఆయన గ్లాసు చూసి తల ఊపుతాడు. మనం మాట అర్థమైందనుకుంటాం. ఒక పని చెయ్యండి. జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్నలు పది అడగండి, ఐదు అవునువి, ఐదు కాదువి, కలగాపులగంగా. చేతులు ఆడించకుండా, ముఖంలో ఏమీ చూపించకుండా. అప్పుడు తెలుస్తుంది ఆ ఊపు మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో. ముఖ్యమైన విషయమైతే తిరగేసి కూడా అడగాలి. "అమ్ముదామా" అని అడిగి, కాసేపాగి "ఉంచుకుందామా" అని. రెండింటికీ ఊపితే జవాబు రాలేదని అర్థం. మూడుసార్లూ ఒకే ప్రశ్న అడిగారు కదా మీరు.

ఏడుపు కూడా జాగ్రత్తగా చదవాలి. పక్షవాతం తర్వాత కొందరికి ఏడుపు, నవ్వు అదుపు తప్పుతాయి. చిన్న కదలికకే కళ్లు నిండిపోతాయి, లోపల అంత దుఃఖం ఉండకపోవచ్చు. మీ నాన్నగారిది అదేనని అనను. మంచం పట్టె మీద కొట్టడం, మిమ్మల్నే చూసి తిట్టడం చూస్తే ఏదో గట్టిగానే చెప్పాలనుకున్నాడు. ఏమిటన్నది మీరింకా అడగలేదు.

కోచ్ గారూ, మీ మీద కోపం లేదు కానీ ఆ 93 శాతం లెక్క ఇక్కడ చెప్పకండి. 1967లో అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన రెండు చిన్న ప్రయోగాలను కలిపి వేసిన లెక్క అది. విడి మాటలు టేపు మీద రకరకాల గొంతులతో వినిపించి, ఒక దాంట్లో ముఖం ఫొటోలు కూడా చూపించి, ఈ మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టమా కాదా అని అడిగారు. మాట ఒకటి చెప్తూ గొంతు ఇంకొకటి చెప్తే ఇష్టాయిష్టాల విషయంలో దేన్ని నమ్ముతాం అన్నంతవరకే అది. మాటలకు ఏడు శాతమే విలువైతే నా దగ్గరికి వచ్చే కుటుంబాలు అట్లా ఏడవవు. "ఎద్దులు అమ్ము, కానీ ఇప్పుడు కాదు" అన్నది కళ్లతో చెప్పి చూడండి.

ఒకటి మాత్రం నిజం. మాట పోయినవాళ్లు ఎదుటి ముఖాన్ని బాగా చదువుతారు. 2000లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, లోపలి భావం దాచి అబద్ధం చెప్పేవాళ్ల వీడియోలు చూపిస్తే, మామూలువాళ్లు బొమ్మా బొరుసా వేసినట్టు చెప్పారు, అఫేజియా ఉన్నవాళ్లు వాళ్లకన్నా బాగా పట్టుకున్నారు. అప్పు ఎంతుందో ఆయన దగ్గర దాచాలని చూడకండి.

మిగతావి పొట్టిగా: టీవీ ఆపండి. ఎదురుగా, కళ్ల ఎత్తులో కూర్చోండి. ఒకసారికి ఒక్క విషయమే. అడిగాక పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊరుకోండి. అరవకండి, మీ చిన్నాయనకు కూడా చెప్పండి. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడకండి. కర్నూల్లో స్పీచ్ థెరపీ దొరుకుతుంది, మొదటి నెలలు విలువైనవి, ఆలస్యం చెయ్యకండి. సదరం క్యాంపులో వైకల్య సర్టిఫికెట్టుకు వెళ్లినప్పుడు చెయ్యి, కాలుతో పాటు మాట సంగతి కూడా చెప్పండి. మాట పోవడం కూడా 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో వైకల్యమే.

మాటతీరు_కోచ్:

మేడమ్, మాకు ట్రైనింగ్‌లో అట్లాగే చెప్పారు. స్లైడ్ మారుస్తాను.

పొద్దుటూరు_కోడలు:

అన్నా, మా అత్తకు నాలుగేళ్ల కింద ఇట్లాగే అయింది. మేడమ్ చెప్పినవన్నీ సరే, నేను ఇంట్లో పడిన పాట్లు చెప్తాను.

అంగట్లో బొమ్మల చార్టు కొన్నాను. గ్లాసు బొమ్మ, మంచం బొమ్మ, బాత్రూం బొమ్మ. అత్త దాన్ని చూడనే చూడదు. ఆ బొమ్మలో ఉన్నది మా ఇంటి గ్లాసు కాదు మరి. తర్వాత ఫోన్‌తో మా ఇంట్లోవే ఫొటోలు తీశాను. ఆమె స్టీలు గ్లాసు, ఆమె దుప్పటి, ఆమె మందుల డబ్బా, దేవుడి గూడు, పిల్లల ముఖాలు, కుళాయి. కడిగించి ఆల్బంలో పెట్టాను. అది ఒళ్లో పెట్టుకుని వేలు పెట్టి చూపించేది. "నీళ్లా కాఫీనా" అని నోటితో అడిగితే ఏదో ఒకదానికి తల ఊపేస్తుంది. చెంబు ఒక చేత్తో, కాఫీ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని నిలబడితే చెయ్యి కావాల్సిన దాని మీదికే పోతుంది. చెయ్యి మీద నాకు నమ్మకం కుదిరింది, తల మీద ఇప్పటికీ లేదు.

ఒక నెల పాటు పళ్లెం నెట్టేసేది. మా ఆయన, మా ఆడబిడ్డ, అందరూ నా మీద కోపమనుకున్నారు. నేనూ అట్లాగే అనుకుని ఏడ్చాను. పెళ్లయిన నాటి నుంచి మా ఇద్దరికీ ఉన్న లెక్కలు కూడా ఉన్నాయి కదా, అవన్నీ గుర్తొచ్చాయి. ఒక రోజు పక్కింటామె వాళ్లింటి సంగటి, ఊరిబిండి తెచ్చిపెడితే గబగబా తినేసింది. బీపీ అని నేను ఉప్పు మానేశాను. అదీ సంగతి. మనిషి మాట్లాడకపోతే మనం మన పాత గొడవలన్నీ ఆ మనిషి ముఖం మీద చదువుకుంటాం. మీ అమ్మ మీతో అన్నది కూడా అట్లాంటిదేనేమో, చూసుకోండి.

ఇంకొకటి, చూడటానికి వచ్చినవాళ్లు ఆమె ముందరే ఆమె గురించి మాట్లాడేవాళ్లు. "పాపం, ఇట్లా అయిపాయె, ఎన్నాళ్లుంటుందో" అని. అత్త కొంగు ముఖం మీదికి లాక్కునేది. అది మాత్రం నాకు మొదటి రోజే అర్థమైంది. ఎవరొచ్చినా ఆ మాట గడప బయటే మాట్లాడుకోండని చెప్పేశాను. చెడ్డ కోడలినయ్యాను, పర్లేదు.

సంతబేరం:

అన్నా, మాది పత్తికొండ. మా తాత కూడా బేరగాడే. మీరు ఇంత రాసి అసలుది మర్చిపోయారు. బేరగాడు రేటు నోటితో ఎప్పుడు చెప్పినాడు? తువ్వాలు కింద చెయ్యే కదా.

మిగతావాళ్లకు చెప్తాను. సంతలో ఎద్దు చుట్టూ ఇరవై మంది నిలబడి ఉంటారు. రేటు పైకి అంటే పక్కవాడు అందుకుంటాడు, లేదంటే బేరం తెగితే ఆ రేటు ఎద్దుకు మచ్చలాగా పడిపోతుంది. అందుకని భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీద కప్పుతారు. లోపల వేళ్లు పట్టుకుంటారు. మా వైపు పద్ధతి, ఒక వేలు పడితే ఒకటి, నాలుగు వేళ్లు పడితే నాలుగు, చెయ్యంతా పడితే ఐదు. ఐదు పట్టి, వదిలి, మళ్లీ ఒక వేలు పడితే ఆరు. వందలా, వేలా, పదివేలా అన్నది పైకే చెప్తారు, "ఇవి పదివేలు" అని. ఎన్ని అన్నది మాత్రం గుడ్డ కింద. నోటి పాటికి నోరు "ఇది ఎద్దా మేకా, నడుము చూడు" అని తిడుతూనే ఉంటుంది, చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది. వేలు పట్టడం తెలిస్తే వేలు చేతికొస్తాయి అనేవాడు మా తాత.

మీ నాయన నలభై ఏళ్లు అట్లా మాట్లాడి ఉంటాడు. ఎడమ చెయ్యి బాగుంది కదా. ఒకసారి తువ్వాలు కప్పి చూడండి.

వాక్కు_అనంత:

సంతబేరం గారూ, ఇది నాకు తట్టలేదు. అంకెలు కూడా దెబ్బతిని ఉండవచ్చు కాబట్టి ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు తమ్ముడూ. కానీ బ్రోకా రోగి గురించి ఒకటి చెప్పలేదు. ఆయనకూ కుడి చెయ్యి పడిపోయింది. ఆసుపత్రిలో ఎన్నేళ్లుగా ఉన్నావని అడిగితే ఎడమ చెయ్యి నాలుగుసార్లు తెరిచి, తర్వాత ఒక్క వేలు చూపించాడు. ఇరవై ఒకటి. సరిగ్గా ఇరవై ఒక్క ఏళ్లే. మరుసటి రోజు మళ్లీ అడిగితే మళ్లీ అదే. మూడోసారి అడిగేసరికి, తనను పరీక్ష పెడుతున్నారని అర్థమై ఆ తిట్టు తిట్టాడు.

ఎలపటెద్దు:

మూడు వారాలైంది, జవాబు ఇవ్వలేకపోయాను. అందరికీ దండాలు.

ముందు మేడమ్ చెప్పిన పది ప్రశ్నలు. "నీది ఈ ఊరేనా నాయనా", ఊపాడు. "నేను నీ కొడుకునా", ఊపాడు. "మనకు రెండొందల ఎకరాలుందా", ఊపాడు. "నేను పోలీసునా", ఊపాడు. పదికి తొమ్మిది ఊపులు. ఆ ఊపుతోనే ఎద్దుల సంగతి తేల్చుకున్నాను నేను. అమ్మ గడపలో నిలబడి అంతా చూసింది. ఏమీ అనలేదు.

సైకిల్ బెల్లు బిగించాను. కండక్టర్ పెద్దాయనకు చెప్పాల్సిందేమంటే, రాత్రి మూడింటికి కొడతాడు. పోతే ఏమీ లేదు. నేను వస్తానో రానో చూడటానికి కొడుతున్నాడని నా అనుమానం. ఫొటోల ఆల్బం బాగా పని చేస్తోంది, పొద్దుటూరు అక్కకు థాంక్స్. వారానికొకసారి కర్నూల్లో స్పీచ్ థెరపీకి తీసుకుపోతున్నాను. మిల్లులో సగం రోజు జీతం కట్, కానీ తప్పదు. భజన పాట ఎత్తుకుంటే రెండో చరణం దాకా మాటలతో సహా వస్తున్నాడు. పాట ఆపగానే మళ్లీ అదేప్పా.

తువ్వాలు సంగతి. నాలుగు రోజులు నాకు ధైర్యం చాలలేదు. రాకపోతే? పలక లాగా అదీ విసిరికొడితే? ఆదివారం సాయంత్రం కరెంటు పోయింది, టీవీ ఆగింది. వంకెకున్న ఆయన తువ్వాలే తీసుకున్నాను, సంతకు వేసుకుపోయే ఎర్ర అంచుది. ఎడమ పక్కన మంచం మీద కూర్చుని మా ఇద్దరి చేతుల మీద కప్పాను. నాయన నా ముఖం వంక చాలాసేపు చూశాడు. తర్వాత సగం మూతితో నవ్వాడు.

నేను చిన్నప్పుడు సంతలో ఆయన కాళ్ల దగ్గర కూర్చుని చూసేవాణ్ని కానీ ఆ గుడ్డ కింద నా చెయ్యి ఎప్పుడూ పోలేదు. ఆ చెయ్యి ఎంత గరుకుగా ఉంటుందో కూడా అప్పుడే తెలిసింది.

"ఇవి పదివేలు" అన్నాను. "మన జతకు ఎంత?"

చెయ్యంతా పట్టాడు. వదిలాడు. మళ్లీ చెయ్యంతా పట్టాడు. వదిలాడు. చూపుడు వేలు ఒక్కటి పట్టి నొక్కాడు.

పదకొండు. తప్పు పట్టాడేమో అనుకుని మళ్లీ అడిగాను. ఐదు, ఐదు, ఒకటి. మేడమ్ మాట గుర్తుంచుకుని మరుసటి రోజు ఇంకోసారి అడిగాను. ఐదు, ఐదు, ఒకటి. మూడో రోజు అడగలేదు, ఆ ఫ్రెంచి ఆయన సంగతి గుర్తొచ్చి.

కానీ మొదటి రోజే ఇంకొకటి జరిగింది. లక్షా పది చెప్పాక చెయ్యి వదలకుండా నా చేతిని కుదిపాడు. నీది చెప్పు అన్నట్టు. బేరంలో అంతే కదా, ఒకడు చెప్తే ఇంకొకడు చెప్పాలి. ఆయన దగ్గర ఏదీ దాచవద్దని మేడమ్ రాశారు కాబట్టి నేను అమ్మిన రేటు చెప్పాను. పదివేలు అని ఐదు పట్టి, మూడు పట్టాను. వేలు అని ఐదు పట్టి, ఒకటి పట్టాను. ఎనభై ఆరు.

చెయ్యి గుడ్డలోంచి లాగేసుకున్నాడు. నన్ను చూశాడు. "నీ యబ్బ" అన్నాడు. పలుపు విప్పిన రోజు ఎట్లా అన్నాడో అట్లాగే, అదే గొంతు.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. జరిగింది చెప్పాను. "అంటే ఎద్దులు పోయినందుకు కాదా? ఇరవై నాలుగు వేలు పోయినందుకా ఆ ఏడుపు?" అంది. తర్వాత ఆలోచించి, "కాదు, ఎద్దుల కోసమే" అంది. ఇప్పటికీ రోజుకొక మాట అంటోంది. నాకూ తెలియదు. అమ్మమని చెప్పాడో, వద్దన్నాడో, అమ్మితే ఇంతకు అమ్మమన్నాడో. తువ్వాలు కింద అంకెలు మాత్రమే వస్తాయి, ఎందుకు అన్నది రాదు. "నేను అమ్మకుండా ఉండాల్సిందా" అని ఏ వేలు పట్టి అడగాలి?

ఇంకో వింత. తువ్వాలు తీసేసి "మూడు వేళ్లు చూపించు నాయనా" అంటే చూపించలేకపోతున్నాడు. చేతిని చూసుకుంటూ ఉండిపోతాడు. గుడ్డ కప్పితే వస్తుంది. థెరపిస్టుకు చూపిస్తే, అలవాటుగా చేసే పని వేరు, చెప్తే చేసే పని వేరు అంది. ఎన్ని గంటలైంది, ఎన్ని మాత్రలు వేసుకున్నావు, అవి గుడ్డ కింద కూడా తప్పే వస్తున్నాయి. ఎద్దుల రేటు ఒక్కటే తప్పు రావడం లేదు. మొన్న మా పెద్దనాయన తన దాపటెద్దును తోలుకొచ్చి చూపిస్తే, నాయన దాని మూతి తన వైపు తిప్పించుకుని, పళ్లు చూసి, తువ్వాలు అడిగాడు. అడిగాడు అంటే, భుజం తట్టి చూపించాడు.

సంతబేరం:

అన్నా, మీరు అమ్మిన జత ఎన్ని పళ్లవి?

ఎలపటెద్దు:

ఆరు పళ్లు. రెండూ ఒకే ఈడు, అరకకూ బండికీ రెండింటికీ అలవాటయినవి.

సంతబేరం:

ఆరు పళ్ల జత, అరకకు అలవాటయినవి, ఏరువాక ముందర, ఎనభై ఆరుకు ఇచ్చేస్తిరా? తిట్టకుండా ఎట్లుంటాడన్నా.

ఎలపటెద్దు:

ఇది నాయనకు చదివి వినిపించాను. "అదేప్పా" అన్నాడు.